కప్పు కాఫీకి కరిగే కొవ్వెంత?

విశాఖపట్నం బీచ్ రోడ్డుకు తెల్లవారుజామున నడకకు వచ్చేవారిలో బరువు తగ్గాలనుకునేవారికి రెండు సలహాలు తరచుగా వినిపిస్తుంటాయి. నడకకు ముందు పాలూ పంచదారా లేని కాఫీ తాగితే కొవ్వు తొందరగా కరుగుతుందన్నది మొదటిది; కూల్‌డ్రింకు మానలేకపోతే డైట్ రకం తాగమన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది కానీ, అది ఎంతో లెక్క కట్టి చూసేవారు తక్కువ.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ, కణాలపై తనను అందుకునే చోట్లకు, అంటే గ్రాహకాలకు, అతుక్కుని మనకు మగత తెప్పిస్తుంది. కాఫీలో ఉండే కెఫీన్ అణువు నిర్మాణంలో దానిని పోలి ఉండడం వల్ల, ఆ గ్రాహకాలను తాను ఆక్రమించి అడెనోసిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. దానితో అడ్రినలిన్ వంటి హార్మోన్ల ప్రభావం పెరుగుతుంది. కణాలలో నిల్వ ఉన్న కొవ్వు కొంత విడిపోయి, ఫ్యాటీ ఆమ్లాల రూపంలో రక్తంలోకి చేరుతుంది. కాఫీతో కొవ్వు కరుగుతుందని ప్రచారం చేసేవారి వివరణ సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది. రక్తంలోకి వచ్చినంత మాత్రాన ఆ కొవ్వు ఖర్చయినట్టు కాదు. కండరాలు దానిని ఇంధనంగా వాడుకోకపోతే, అందులో చాలా భాగం తిరిగి నిల్వకే చేరుతుంది.

1989లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒక్కసారి 100 మిల్లీగ్రాముల కెఫీన్, అంటే సుమారు ఒక కప్పు కాఫీలో ఉండేంత, తీసుకున్నవారి శరీరం విశ్రాంతి స్థితిలో ఖర్చు చేసే శక్తి రెండున్నర గంటలపాటు 3 నుంచి 4 శాతం పెరిగినట్టు తేలింది. ఊరకే కూర్చున్నా రోజుకు 1,500 కేలరీలు ఖర్చయ్యే మనిషికి రెండున్నర గంటలలో అయ్యే ఖర్చు సుమారు 156 కేలరీలు కాబట్టి, అందులో 4 శాతమంటే ఆరు కేలరీలు. అదే కాఫీలో రెండు చెంచాల పంచదార, అంటే దాదాపు 10 గ్రాములు కలిపితే 40 కేలరీలు వచ్చి చేరతాయి. పాల లెక్క వేరు. నల్ల కాఫీ వల్ల మేలు జరుగుతోందంటే, దానిలో చాలా భాగం కెఫీన్‌ది కాదు, కప్పులో పడని పంచదారది. ఇక కిలో కొవ్వు తగ్గాలంటే ఖర్చు కావలసినవి సుమారు 7,700 కేలరీలు.

మోతాదు పెంచితే సరిపోదా అని అడగవచ్చు. పై అధ్యయనంలోనే రెండు గంటలకొకసారి చొప్పున మొత్తం 600 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. సన్నగా ఉన్నవారిలో రోజుకు 150 కేలరీల ఖర్చు పెరగగా, ఒకప్పుడు స్థూలకాయులై తరువాత తగ్గినవారిలో 79 మాత్రమే పెరిగింది. అంటే అవసరం ఉన్నవారికే ఫలితం తక్కువ. పైగా ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు, గర్భిణులకు 200 వరకు మాత్రమే సురక్షితమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. రోజూ తాగేవారి శరీరం కెఫీన్‌కు అలవాటు పడిపోవడం మరో చిక్కు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు కాఫీ అరబికా రకం. రోబస్టా గింజలతో పోలిస్తే అరబికాలో కెఫీన్ దాదాపు సగమే ఉంటుంది. దానిని రుచి కోసం తాగడమే న్యాయం. వ్యాయామంలో మాత్రం కెఫీన్ నిజంగానే ఉపయోగపడుతుంది: అలసట తెలియనివ్వదు కాబట్టి కైలాసగిరి మెట్లు మరికొన్ని ఎక్కగలుగుతాం. అయితే సముద్రపు గాలి తేమకు ఒళ్లంతా కారే చెమట నీరే తప్ప కొవ్వు కాదు.

డైట్ కూల్‌డ్రింకుల సంగతికి వస్తే, 300 మిల్లీలీటర్ల మామూలు కోలాలో 30 గ్రాములకు పైగా పంచదార, అంటే దాదాపు 125 కేలరీలు ఉంటాయి. పంచదారకు 200 రెట్లు తియ్యనైన ఆస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి పదార్థం అతి స్వల్పంగా వేస్తే చాలు కాబట్టి డైట్ రకంలో కేలరీలు దాదాపు ఉండవు. నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లలపై జరిపి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, రోజూ 250 మిల్లీలీటర్ల తీపి పానీయం బదులు పంచదార లేనిది తాగినవారు 18 నెలలలో దాదాపు ఒక కిలో తక్కువ బరువు పెరిగారు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో, బరువు అదుపు కోసం ఇటువంటి తీపి పదార్థాలను వాడవద్దని షరతులతో కూడిన సూచన చేసింది; దీర్ఘకాలంలో కొవ్వు తగ్గుతుందనడానికి ఆధారం కనబడలేదన్నది దాని వాదన. ఆ దీర్ఘకాలిక పరిశీలనలలో ఒక మెలిక ఉంది: డైట్ రకాన్ని ఎంచుకునేవారిలో అప్పటికే బరువు పెరుగుతున్నవారు ఎక్కువ కాబట్టి, ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం కష్టం. నా దృష్టిలో, రోజూ మామూలు కోలా తాగేవారికి డైట్ రకం ఒక మెట్టు మేలు, మంచినీళ్లు తాగేవారికి దానితో పనిలేదు. డైట్ సీసా చేతిలో ఉంది కదా అని బీచ్‌లో మరో ప్లేటు మిరపకాయ బజ్జీలు చెప్పేవారికి మిగిలేదేమీ లేదు.

తక్కువగా చర్చకు వచ్చేది నిద్ర. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సగటున అయిదు గంటలు పడుతుంది. సాయంత్రపు డైట్ కోలాలో ఉండే 30, 40 మిల్లీగ్రాములు పెద్ద విషయం కాకపోవచ్చు గాని, అదే పూట రెండు కప్పుల కాఫీయో ఎనర్జీ డ్రింకో తోడైతే మోతాదు పెరిగి నిద్ర తగ్గవచ్చు. 2010లో వెలువడిన ఒక చిన్న ప్రయోగంలో, తక్కువ కేలరీల ఆహారం తింటున్న పది మందిని రెండు వారాలపాటు ఒక విడతలో 8.5 గంటలు, మరో విడతలో 5.5 గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. రెండు విడతలలోనూ దాదాపు మూడేసి కిలోలు తగ్గారు. అయితే ఎక్కువసేపు పడుకున్నప్పుడు అందులో 1.4 కిలోలు కొవ్వు కాగా, నిద్ర తగ్గినప్పుడు పోయిన కొవ్వు 0.6 కిలోలే, మిగిలినది కండ, నీరు వంటి కొవ్వు కాని బరువు.