దాల్చిన చెక్క: చిటికెడు చెంచాడైన నాటి నుంచి

ఇంట్లో వాడే దాల్చిన చెక్క అసలుదా కాదా అన్న వాదన మళ్లీ రేగింది. బెజవాడ వన్‌టౌన్‌లో అడిగినా, గుంటూరు పట్నంబజారులో అడిగినా వ్యాపారుల వాదన ఒకటే: చెక్క చెక్కే, ఇందులో కల్తీ ఏముంది? అందులో కొంత నిజముంది. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) చెక్క, చైనా, వియత్నాంల నుంచి వచ్చే కాసియా, రెండూ సిన్నమోమమ్ ప్రజాతి చెట్ల బెరడే. బిర్యానీకి ఘాటు కావాలంటే కాసియాయే నయం కూడా. పోర్చుగీసువాళ్లు, డచ్చివాళ్లు ఈ చెక్క కోసం సిలోన్‌లో చేసిన యుద్ధాలు అందరూ చదివినవే. ఇప్పటి గొడవ మూలం మాత్రం 2003లో ఉంది.

ఆ ఏడాది పాకిస్థాన్‌లో 60 మంది మధుమేహ రోగులపై చేసిన పరీక్ష వివరాలు అచ్చయ్యాయి. సగం మందికి రోజుకు 1, 3 లేదా 6 గ్రాముల చొప్పున 40 రోజులు చెక్క పొడి ఇచ్చారు. షుగర్ తగ్గిందన్నారు. కూరలో చిటికెడు పడే దినుసు ఆ దెబ్బతో పరగడుపున వేడినీళ్లలో చెంచాడు మందైంది. ఆ పరీక్షలో వాడింది కాసియా. అప్పటిదాకా వచ్చిన పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధనా సంస్థ సమీక్ష, మధుమేహానికి చెక్క పనిచేస్తుందనడానికి ఆధారాలు చాలవని 2012లో తేల్చింది. చెంచా అలవాటు మాత్రం పోలేదు.

భయమంతా చెక్కలో సహజంగా ఉండే కౌమరిన్ అనే పదార్థం గురించి. కొందరిలో ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు రోజుకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము. అంటే 60 కిలోల మనిషికి 6 మి.గ్రా. కాసియా పొడిలో కౌమరిన్ గ్రాముకు సగటున 3 మి.గ్రా. ఉంటుంది కనుక 2 గ్రాములతోనే, అంటే చిన్న చెంచాడుతోనే, ఆ హద్దు వచ్చేస్తుంది. 15 కిలోల పిల్లలకు అర గ్రాము చాలు. 2006లో జర్మనీ అధికారులు హెచ్చరించింది ఇందుకే. సిలోన్ చెక్కలో కౌమరిన్ నామమాత్రం. పలావులో అంగుళం ముక్క వేసి, తినేటప్పుడు పక్కన పెట్టేవాళ్లకు ఏ చెక్కయినా ఇబ్బంది లేదు. రోజూ పొడి మింగేవాళ్లకే తేడా తెలియాలి.

ఆ తేడా చెప్పడానికి మనకు మాట లేదు. 2011 నాటి మన దేశపు ఆహార ప్రమాణాల నిబంధనలు రెంటినీ విడివిడిగా రాశాయి: సిలోన్ చెట్టు లోపలి బెరడు దాల్చినీ, కాసియా తాజ్. తాజ్ అనే పేరు మన కిరాణా చిట్టాల్లో ఎక్కడుంది? రెండూ దాల్చిన చెక్కే. పేర్ల చిక్కు శాస్త్రవేత్తలనూ వదల్లేదు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ లారస్ కాసియా అని పేరు పెట్టినప్పుడు ఆధారం చేసుకున్న నమూనా సిలోన్‌దే, చైనాది కాదు. కర్పూరం చెట్టు కూడా మొన్నమొన్నటిదాకా సిన్నమోమమే. 2022లో దాన్ని కాంఫోరా ప్రజాతిగా విడదీశారు. హిమాలయాల పాదాల్లో పెరిగే బిర్యానీ ఆకు చెట్టు (తమాల) ఇంకా ఇందులోనే ఉంది.

సిలోన్ చెట్టు సొంత నేల శ్రీలంక, పడమటి కనుమలు. బాగా పెరగాలంటే ఏటా 2,000 మి.మీ. పైన వాన, నీరు నిలవని నేల కావాలి. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పడే వాన అందులో సగం దగ్గరే ఆగుతుంది కనుక ఏ చెక్కయినా బయటినుంచి రావలసిందే.

చేతిలో పట్టుకుంటే రెండూ దాగవు. శ్రీలంకలో రెండు మూడేళ్ల పిలకలు నరికి, పైపొట్టు గీకేసి, ఇత్తడి కడ్డీతో రుద్ది లోపలి బెరడు ఒలుస్తారు. దాన్ని పొరలో పొరగా దూర్చి నీడలో ఆరబెడతారు. అందుకే ఆ చుట్ట చివర చూస్తే కాగితంలాంటి పొరలెన్నో కనిపిస్తాయి. వేళ్లతో నలిపితే చిట్లుతుంది, రంగు లేత గోధుమ. కాసియా ఒకే మందపాటి పొర, ముదురు ఎరుపు, విరిస్తే టక్కుమంటుంది.

పొడి చేశాక కన్నుకు గానీ ముక్కుకు గానీ నమ్మకంగా దొరకదు, ప్రయోగశాలలో కౌమరిన్ కొలవాల్సిందే. మందుగా వాడాలనుకునేవాళ్లు సిలోన్ చెక్క చుట్టనే కొని ఇంట్లో దంచుకోవాలి. పొట్లం మీద సిన్నమోమమ్ వీరమ్ అని ఉన్నా, నిబంధనల్లో ఉన్నట్టు జెయ్‌లానికమ్ అని ఉన్నా చెట్టు ఒకటే. ఆ రెండు పేర్లూ లేకుండా ఉత్త దాల్చిన చెక్క అని ఉంటే కాసియా అనే లెక్కవేసుకోవాలి.