ఇంక్యుబేటర్ మొరాయిస్తే గుడ్లన్నీ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

ఇంట్లో ఇంక్యుబేటర్‌లో, అంటే గుడ్లను వేడిగా ఉంచి పొదిగే మెషిన్‌లో, కోడిగుడ్లు పొదిగించేవాళ్లు పిల్లలు దిగనప్పుడు ముందుగా అనే మాట, "గుడ్లు మంచివి కావు" అని. దిగని గుడ్లను పగలగొట్టి చూస్తే, చాలాసార్లు తప్పు మెషిన్‌దేనని తెలుస్తుంది. మెషిన్‌లో లోపం ఉంటే ఏది నమ్మాలో, దేనికి భయపడాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

అపోహ: డిస్‌ప్లే 37.5 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది కాబట్టి లోపల అంతా 37.5.

ఆ అంకె సెన్సర్ ఉన్న చోటిది మాత్రమే. సెన్సర్ హీటర్ పక్కన వేలాడుతుంటే దానికి త్వరగా వేడి తగులుతుంది, హీటర్ ఆగిపోతుంది, గుడ్లు చల్లగానే ఉండిపోతాయి. గుడ్లు పెట్టే ముందు ఒక రోజంతా మెషిన్‌ను ఖాళీగా నడిపి, జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్‌తో మూలమూలా కొలవండి. మనకు కావలసిన వేడి దగ్గరే సరిగ్గా కొలిచేలా చేసిన పరికరం అది. పైగా చూసిన గరిష్ఠ అంకెను పట్టి ఉంచుతుంది కాబట్టి మూత తీశాక చదివినా పర్వాలేదు.

37.5 అనేది ఫ్యాన్ తిరిగే మెషిన్‌కే. ఫ్యాన్ లేకపోతే వేడి పైకి చేరి పొరలుగా నిలుస్తుంది. అందుకే గుడ్డు పైభాగం ఎత్తులో కొలిచి 38.3 నుంచి 38.9 మధ్య ఉంచాలి. మధ్యలో ఫ్యాన్ కాలిపోయినా, కొత్తది వచ్చేదాకా ఈ లెక్కతోనే నెట్టుకు రావచ్చు.

అపోహ: కరెంట్ పోయి చల్లబడితే గుడ్లు చచ్చినట్టే.

పొదుగు మీదున్న కోడి కూడా రోజూ మేతకు లేచి వెళ్తుంది కదా! కొద్ది గంటల చల్లదనంతో పిండం ఎదుగుదల నెమ్మదిస్తుంది, పిల్ల దిగడం ఆలస్యమవుతుంది, అంతే. మూత తెరవకండి. దుప్పటి కప్పండి కానీ గాలి రంధ్రాలు మూయకండి. ఎదిగిన పిండాలకు గాలి ఎక్కువ కావాలి. కరెంట్ వచ్చాక యథాప్రకారం నడిపి, నాలుగైదు రోజులకు చీకట్లో గుడ్డుకు లైటు పట్టి లోపల చూడండి. అంతకుముందే పారేసిన గుడ్లలో బతికున్నవి ఎన్నో ఉంటాయి, అదే నా బాధ.

నిజంగా భయపడాల్సింది వేడికి. ఒకసారి 11వ రోజు తెల్లవారుజామున చూస్తే డిస్‌ప్లే మీద 41 దాటింది. హీటర్ సూచించే లైటు మాత్రం ఆరిపోయే ఉంది. రిలే (హీటర్‌కు కరెంట్ ఇచ్చి ఆపే స్విచ్) లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి. థర్మోస్టాట్ (వేడిని బట్టి హీటర్‌ను నడిపి ఆపే పరికరం) ఆపమంటున్నా హీటర్‌కు కరెంట్ వెళ్తూనే ఉంది. సెట్టింగ్ తగ్గించి చూశాను, అప్పుడది ఏం పనికొస్తుంది? ప్లగ్గు పీకాకే ఆగింది. రెండు రోజుల తరవాత లైటు పట్టి చూస్తే గుడ్డులోని రక్తనాళాలు చెదిరిపోయాయి. గుడ్డు తిప్పితే నల్లటి ముద్ద ఊగుతోంది తప్ప తనంతట కదలడం లేదు. ఆ రాత్రి నాకు నేర్పిన పని ఇది: హీటర్ లైనులోనే వరసగా రెండో థర్మోస్టాట్ పెట్టి, ఫ్యాన్ తిరిగే మెషిన్ కాబట్టి 38.5 దగ్గర ఆగేలా చేశాను. మొదటిది అతుక్కుపోయినా రెండోది ఆపుతుంది. వైరింగ్ తెలియకపోతే ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి. అది నీళ్లు, కరెంట్ ఒకే పెట్టెలో ఉండే చోటు.

అపోహ: తేమ ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

గుడ్డులోంచి కొంత నీరు ఆవిరైపోవాలి. 18వ రోజుకు బరువు 11 నుంచి 13 శాతం తగ్గితేనే పిల్ల ఊపిరి తీసుకునేంత గాలి గది (గుడ్డు లావు చివర ఉండే ఖాళీ) ఏర్పడుతుంది. 50 గ్రాముల గుడ్డు 44 దగ్గరికి రావాలి. మొదటి 18 రోజులు 45-55 శాతం తేమ, ఆఖరి మూడు రోజులు 65-70 సరిపోతుంది. తేమ మీటరు మీద అనుమానం ఉంటే, తడిపి ముద్ద చేసిన ఉప్పుతో పాటు గాలి చొరని డబ్బాలో ఓ పది గంటలు ఉంచండి. 75 దగ్గర చూపించాలి.

అపోహ: తిప్పే మోటార్ పాడైతే ఆ బ్యాచ్ వృథా.

కాదు. పెన్సిల్‌తో ఒక వైపు ఇంటూ గుర్తు, రెండో వైపు సున్నా పెట్టి రోజుకు మూడుసార్లో ఐదుసార్లో చేత్తో తిప్పండి. బేసి సంఖ్య అయితే రాత్రంతా ఒకే వైపు ఉండిపోదు. 18వ రోజు ఆపేయండి.

అపోహ: పెంకు పగిలి పిల్ల బయటికి రాకపోతే మనమే తీయాలి.

ముక్కు బయటపడ్డాక 12 నుంచి 24 గంటలు పట్టడం మామూలే. ఆ విరామంలో పెంకు లోపలి పొరలోని రక్తం వెనక్కి చేరుతుంది, పచ్చసొన కడుపులోకి పోతుంది. తొందరపడి పెంకు వలిస్తే రక్తం కారుతుంది. ఊరికే మూత తీసినా పొర ఎండి పిల్లను బిగించేస్తుంది. ముందే దిగిన పిల్లలకు ఆకలేస్తుందని తెరవాల్సిన పని లేదు, ఒకట్రెండు రోజులు పచ్చసొనే చాలు.

మెషిన్‌లో ఏ లోపముందో పిల్లలను చూసినా తెలుస్తుంది. 20వ రోజుకే దిగి, బొడ్డు మానకుండా ఉంటే వేడి ఎక్కువైంది. 22, 23 రోజులకు దిగితే తక్కువైంది. బంకబంకగా, ఉబ్బినట్టుంటే తేమ మితిమీరింది. పెంకుకు అతుక్కుంటే చాలలేదు. కొన్ని ముందు, కొన్ని రెండు రోజుల తరవాత దిగితే వేడి అన్ని మూలలకూ సమంగా అందడం లేదు.

కాబట్టి 21వ రోజు దాటగానే మెషిన్ ఆపేయకండి. 23 దాకా నడపండి. ఆపే ముందు గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల సన్నగా కిచకిచ వినిపించవచ్చు.