స్మిత్స్ ఎవరి సొత్తు? తగువుకు మూలం 1983 నాటి సంతకాలు

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ది స్మిత్స్‌లో తనకున్న వ్యాపార హక్కులన్నీ అమ్మేస్తానని గాయకుడు మోరిసీ 2025 సెప్టెంబరులో ప్రకటించడంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. మాంచెస్టర్‌లో బ్యాండ్ పుట్టుక, నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు, 1987లో గిటారిస్టు జానీ మార్ వెళ్లిపోవడం అభిమానులకు కంఠతా వచ్చిన సంగతులే. ఐదేళ్లు నడిచిన బ్యాండ్ మీద తగువు ఇన్నేళ్లయినా ఎందుకు తెగలేదో పాటలు వింటే తెలియదు, కాగితాలు చూడాలి.

1983లో రఫ్ ట్రేడ్ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెట్టింది మోరిసీ, మార్ మాత్రమే. రాబడిలో చెరో 40 శాతం వాళ్లకి, బేస్ వాయించే ఆండీ రూర్క్‌కి, డ్రమ్మర్ మైక్ జాయిస్‌కి చెరో 10. పాటలు కట్టినందుకు ఆ ఇద్దరికీ వచ్చే రాయల్టీ జోలికి ఎవరూ పోలేదు. పేచీ అంతా రికార్డింగులు, కచేరీల సొమ్ము దగ్గరే.

నలుగురివీ సమాన వాటాలే అనుకున్నాననీ, పది శాతం సంగతి బ్యాండ్ విడిపోయాకే తెలిసిందనీ జాయిస్ వాదన. మొదట్నుంచీ అందరికీ తెలుసన్నది మోరిసీ పక్షం మాట, కానీ చూపించడానికి రాతకోతలేవీ లేవు. రూర్క్ 1989లో 83 వేల పౌండ్లకూ, ఆపై పది శాతానికీ రాజీపడ్డాడు. జాయిస్ పడలేదు.

అతని కేసు 1996 డిసెంబరులో హైకోర్టులో తేలింది. తన కక్షిదారును లాన్‌మోవర్ విడిభాగంలా ఎప్పుడైనా మార్చేయొచ్చన్నట్టు చూశారని జాయిస్ లాయరు వాదించాడు. వేరే ఒప్పందం లేకపోతే భాగస్వాములందరివీ సమాన వాటాలేనని 1890 నాటి చట్టం చెబుతోంది. జడ్జి వీక్స్ అదే పట్టుకుని జాయిస్‌కి పాతిక శాతం, బకాయిగా దాదాపు పది లక్షల పౌండ్లు ఇమ్మన్నాడు. జాయిస్, రూర్క్ నిజాయితీపరులనీ, మోరిసీ తన స్వార్థం అడ్డొస్తే నమ్మదగ్గ మనిషి కాదనీ తీర్పులోనే రాశాడు. మార్ అప్పీలుకు పోలేదు. మోరిసీ పోయి 1998లో ఓడిపోయాడు. ఆ తీర్పు మీద కక్ష అతనికి ఇప్పటికీ తీరలేదు.

2024లో వచ్చిన గొడవ బ్యాండ్ పేరు గురించి. కలిసి టూర్ చేద్దామంటే మార్ పలకలేదని మోరిసీ అన్నాడు. పలకకపోవడం కాదు, వద్దనే చెప్పానన్నాడు మార్. పేరు కాజేశాడన్న ఆరోపణకు మాత్రం తాపీగా, వివరంగా జవాబిచ్చాడు: 2018లో బయటివాళ్లెవరో ఆ పేరు వాడబోయారు, చూస్తే ట్రేడ్‌మార్కే లేదు, మోరిసీ మనుషులు స్పందించలేదు, దాంతో తనే రిజిస్టర్ చేయించాడు. 2024 జనవరిలో మోరిసీకి కూడా వాటా ఇస్తూ సంతకం పెట్టాడు. అవతలి సంతకం పడలేదు.

రూర్క్ 2023 మేలో చనిపోయాడు. మోరిసీ 2025లో ప్రకటించిన అమ్మకపు జాబితాలో బ్యాండ్ పేరు కూడా ఉంది. కొనేవాడెవడైనా ముందు తేల్చుకోవాల్సింది ఆ ట్రేడ్‌మార్క్ సంగతే. ఇక జాయిస్ పాతిక శాతమంటారా, అది కోర్టు ఇచ్చింది, మోరిసీ అమ్ముకోడానికి లేదు.