ఆ నోటా ఈ నోటా: కనిపించని బిట్‌కాయిన్ నోడ్‌ల లెక్క

బిట్‌కాయిన్‌కు యజమాని గానీ ప్రధాన కార్యాలయం గానీ లేనప్పుడు, దాన్ని ఇన్ని వేల కంప్యూటర్లు నడుపుతున్నాయని ఎవరు, ఏ ఆధారంతో చెబుతున్నారని ఒక పాఠకుడు అడిగారు. క్రిప్టో కరెన్సీ అంటే ఏమిటో, బ్లాక్‌చెయిన్ ఎలా పనిచేస్తుందో ఇప్పటికే ఎందరో రాశారు కనుక ఆ పరిచయాలు వదిలేసి నేరుగా లెక్కలోకి వెళతాను.

బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటరును నోడ్ అంటారు. అది తనంతట తానుగా 8 నోడ్‌లతో పూర్తిస్థాయి కనెక్షన్లు పెట్టుకుంటుంది. బయటివారిని కూడా రానిస్తే మొత్తం 125 కనెక్షన్ల దాకా నిలుపుకోగలదు. ఎవరితో కలవాలో తెలియడానికి వాటి ఇంటర్నెట్ చిరునామాలు (ఐపీ చిరునామాలు) కావాలి. వాటిని అది పొరుగు నోడ్‌లనే అడుగుతుంది. అవి ఒక్క జవాబులో గరిష్ఠంగా 1000 చిరునామాలు ఇస్తాయి. బిట్‌నోడ్స్ వంటి ఓపెన్ సోర్స్ పరికరాలు చేసేది ఇదే: ఒక నోడ్ తలుపు తట్టి, పలికితే దానికి తెలిసిన చిరునామాలు తీసుకుని, ఆ చిరునామాలన్నింటి తలుపులూ మళ్లీ తడతాయి. కోడ్ బహిరంగంగా ఉంది కాబట్టి అంకె మీద అనుమానం ఉన్నవారు తమ కంప్యూటరులో నడిపి సరిచూసుకోవచ్చు.

ఇలా లెక్కకు వచ్చేవి తలుపు తీసే నోడ్‌లు మాత్రమే. ఇంటి రూటర్ వెనుక ఉంటూ తాము బయటికి వెళ్లడమే తప్ప ఎవరినీ లోపలికి రానివ్వని నోడ్‌లు ఈ గణనకు అందవు. ఆ అంకె కాస్త తగ్గగానే బిట్‌కాయిన్ ధర పడిపోతుందని జోస్యం చెప్పేవారు ఉన్నారు. రూటరులో ఒక్క అమరిక మారినా నోడ్ ఈ లెక్కలోంచి మాయమవుతుందన్న సంగతి మాత్రం వారికి పట్టదు.

మరి తలుపు తీయనివారిని లెక్కపెట్టడం ఎలా? ఇక్కడే నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం వస్తుంది. 2021 జూలైలో ఎవరో, ఎందుకో, బిట్‌కాయిన్ నోడ్‌లకు యాదృచ్ఛికంగా పుట్టించిన దొంగ ఐపీ చిరునామాలను గుట్టలుగుట్టలుగా పంపడం మొదలుపెట్టారు. చిరునామాలు ఈ నెట్‌వర్క్‌లో అచ్చం పుకారులాగే పాకుతాయి. పదికి మించని చిరునామాలతో చిన్న సందేశం వస్తే, అది తాజాగా కనిపిస్తే, నోడ్ ఆ చిరునామాలను పొరుగువారందరికీ చాటదు. ఒక్కో చిరునామాను ఇద్దరి చెవిలోనే వేస్తుంది. ఆ ఇద్దరు ఎవరన్నది ఒక రహస్య సంఖ్యనూ ఆ చిరునామానూ కలిపి తీసిన హ్యాష్ (ముందుగా ఊహించలేని ఒక గణిత ఫలితం) నిర్ణయిస్తుంది. సుమారు ఒక రోజు పాటు అది మారదు. కనుక ఒకే చిరునామాను వందసార్లు పంపినా అది ఆ ఇద్దరికే చేరుతుంది, కొత్త సమాచారం ఏమీ బయటపడదు. వేల కొద్దీ వేర్వేరు చిరునామాలు పంపితే మాత్రం ప్రతి చిరునామా ఒక కొత్త లాటరీ అవుతుంది. చెత్త పంపినవారు తమకు తెలిసో తెలియకో సరిగ్గా అదే చేశారు.

ఒక నోడ్‌కు మనం రెండు వేర్వేరు కనెక్షన్లు పెట్టి, ఏమీ మాట్లాడకుండా వింటున్నామనుకుందాం. మొదటి చెవికి ఆ నోడ్ నుంచి 300 చిరునామాలు వచ్చాయి. వాటిలో 6 రెండో చెవికీ వచ్చాయి. మొదటి చెవికి చేరిన ప్రతి పుకారూ ఇంకొక్క పొరుగువారికే చేరుతుంది. ఆ ఇంకొకరు 300 సార్లలో 6 సార్లు, అంటే 50 సార్లకు ఒకసారి, మన రెండో చెవి అయింది. కాబట్టి ఆ రెండో స్థానానికి సుమారు 50 మంది పోటీదారులు ఉన్నారన్నమాట. ఆ నోడ్‌కు ఎందరు పొరుగువారో అది మనకు ఎన్నడూ చెప్పలేదు. పుకార్లను పంచిన తీరులోంచి మనమే రాబట్టుకున్నాం. జర్మనీలోని కార్ల్స్‌రూహె సాంకేతిక సంస్థ పరిశోధకులు ఈ చెత్త వరదనే ఆధారం చేసుకుని నోడ్‌ల కనెక్షన్ల సంఖ్యను అంచనా వేశారు. పైన చెప్పిన రెండు చెవుల లెక్క మాత్రం సూత్రం తేలికగా బోధపడడానికి నేను అల్లుకున్నది.

తరగతిలో నెట్‌వర్క్ అంటే బోర్డు మీద అయిదారు వృత్తాలు గీసి గీతలతో కలిపేస్తారు గానీ, ప్రతి గీతకూ రెండు కొసలుంటాయని ఎవరూ నొక్కి చెప్పరు. మనకు కావలసిన రహస్యమంతా ఆ రెండో కొసలోనే ఉంది. మాటవరసకు తలుపు తీసే నోడ్‌లు 10,000 ఉన్నాయని, ఒక్కోదానికి సగటున 40 కనెక్షన్లు తేలాయని అనుకోండి. అందులో 8 అది తానే పెట్టుకున్నవి. మిగిలిన 32 బయటి నుంచి వచ్చినవి. మొత్తం మీద వచ్చిన కనెక్షన్లు 3,20,000. వచ్చిన ప్రతి కనెక్షనూ ఏదో ఒక నోడ్ నుంచి బయలుదేరినదే, ఒక్కో నోడ్ నుంచి బయలుదేరేవి 8 మాత్రమే. భాగిస్తే 40,000 నోడ్‌లు. తలుపు తీసేవాటిని తీసివేస్తే, ఎప్పుడూ ఎవరికీ కనిపించనివి 30,000 ఉన్నాయని తేలుతుంది.

ఈ లెక్కను పాడుచేసేవారిలో మొదటివారు లెక్కపెట్టేవారే. ప్రతి నోడ్‌కూ ఒక కనెక్షన్ పెట్టి కూర్చున్న పరిశీలకులు పదిమంది ఉంటే పై 32లో 10 వారివే. అవి తీసేస్తే 40,000 కాస్తా 27,500కు పడిపోతుంది. నెట్‌వర్క్‌ను గమనించే పరికరాలు ఓపెన్ సోర్స్‌గా ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం: ఏ పరికరం ఎన్ని కనెక్షన్లు ఎంతసేపు పట్టుకుంటుందో కోడ్‌లో కనిపిస్తే దాని వాటాను తీసివేయవచ్చు. రహస్యంగా వినేవారి వాటాను అలా తీసివేయడం కుదరదు.

ఇంకో సవరణ కూడా ఉంది. 2019 నుంచి బిట్‌కాయిన్ కోర్ (నోడ్‌లు ఎక్కువగా నడిపే సాఫ్ట్‌వేర్) నోడ్‌లు ఆ 8 కాక మరో 2 కనెక్షన్లు పెట్టుకుంటున్నాయి. వాటి మీద బ్లాకులు (లావాదేవీల కట్టలు) తప్ప విడి లావాదేవీలు గానీ చిరునామాలు గానీ పంపవు. ఎవరు ఎవరితో కలిసి ఉన్నారో పుకార్లను బట్టి కనిపెట్టేవారికి దొరకకుండా ఉండాలనే వాటిని అలా రూపొందించారు. మన రెండు చెవుల పద్ధతికీ అవి వినిపించవు.

ఇక ఆ వరదకు అడ్డుకట్ట త్వరలోనే పడింది. 2021 సెప్టెంబరులో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ 22.0 వెర్షన్ నుంచి, అడగకుండా వచ్చే చిరునామాలను ఒక్కో కనెక్షన్ మీద సగటున 10 సెకండ్లకు ఒకటి చొప్పున మాత్రమే నోడ్ స్వీకరిస్తుంది. అంతకు మించినవి ఎవరి చెవిలోనూ పడకుండా అక్కడికక్కడే రాలిపోతాయి. పరిశోధకులకు అప్పనంగా దొరికిన ఆ కొలబద్ద అలా చేజారింది. అయితే సొంత నోడ్ నడిపేవారు గెట్‌పీర్‌ఇన్ఫో అనే ఆదేశం ఇస్తే, ప్రతి పొరుగు నోడ్ పక్కన రెండు అంకెలు కనిపిస్తాయి: దాని నుంచి స్వీకరించిన చిరునామాలు ఎన్ని, పరిమితి దాటినందుకు పారేసినవి ఎన్ని. ఆ రెండో అంకె లక్షల్లోకి ఎగబాకిన రోజున, ఎవరో మళ్లీ గుట్టలు దింపుతున్నారని ఇంట్లో కూర్చునే పట్టుకోవచ్చు.