సున్నపు నేల చౌడు నేల కాదు: బెంగళూరులో ఉండి ఊళ్ళో పొలం చూసుకునేవాళ్ళ కోసం

శని, ఆదివారాలు వచ్చాయంటే నా ఫోన్ నిండా భూసార పరీక్ష రిపోర్టుల ఫొటోలే. పంపేది ఎక్కువగా వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, హెబ్బాళ వైపు ఉండే మనవాళ్ళు. కొందరికి ఊళ్ళో నాన్నగారి పొలం ఉంటుంది. ఇంకొందరు తాడిపత్రి వైపో, బళ్ళారి, చిత్రదుర్గ పక్కనో కొత్తగా నాలుగెకరాలు కొనుంటారు. రిపోర్టులో పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) 8.2 దగ్గర ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి ఉంటుంది. కింద అడిగేది ఒకటే: "సార్, ఇది చౌడు భూమి అంటున్నారు. జిప్సం ఎన్ని టన్నులు తోలించాలి?"

చాలామందికి నా జవాబు, ఒక్క బస్తా కూడా వద్దని.

అపోహ: పీహెచ్ 8 దాటితే చౌడే. జిప్సమో గంధకమో వేస్తే దిగుతుంది.

చౌడులో గొడవంతా సోడియంతో, కరిగే ఉప్పులతో. సున్నపు నేలలో ఉండేది కాల్షియం కార్బొనేట్. రెండింటికీ సంబంధం లేదు. ఏడాదికి 500, 600 మిల్లీమీటర్ల వాన పడే చోట నేలలోని సున్నాన్ని పూర్తిగా కడిగేసేంత నీళ్ళు ఉండవు. కొంచెం కరిగి కిందికి దిగుతుంది, తడి ఆరగానే అక్కడే తెల్ల గడ్డలుగానో సుద్ద పొరగానో పేరుకుంటుంది. వాన పెరిగే కొద్దీ ఆ పొర ఇంకా లోతుకు పోతుంది. అనంతపురం కన్నా బాగా ఎక్కువ వాన పడే బెంగళూరు చుట్టుపక్కల ఎర్ర నేలలు చాలావరకు ఆమ్ల గుణంతో ఉంటాయి (రాయి రకం కూడా కారణమే అనుకోండి). ఇక్కడి రైతుకు సున్నం వేయమని చెప్తారు. ఆ మాట విని ఊళ్ళో సున్నపు పొలానికి కూడా డోలమైట్ (అదీ ఒక రకం సున్నపు పొడే) తీసుకెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

సున్నం ఒక్కటే ఉన్న నేలలో పీహెచ్ ఇంచుమించు 8.4 దగ్గర ఆగిపోతుంది. 8.5 దాటిందంటే అప్పుడు సోడియాన్ని అనుమానించాలి. మార్పిడి సోడియం (మట్టి రేణువులకు అంటుకుని ఉన్న సోడియం వాటా) 15 శాతం మించితే కారు చౌడు. ఈసీ (మట్టిలో కరిగిన ఉప్పులు ఎంతో చెప్పే అంకె) 4 దాటితే పాల చౌడు. జిప్సం చేసే పని సోడియాన్ని తోసేసి ఆ చోట కాల్షియాన్ని కూర్చోబెట్టడం. కాల్షియంతో ముందే నిండిపోయిన నేలలో అది ఎవరిని తోయాలి?

మారతహళ్ళిలో ఉండే ఒక అబ్బాయి తాడిపత్రి అవతల పొలం కొన్నాడు. అదంతా సున్నపురాయి ఉన్న ప్రాంతం, సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు అక్కడికి. మందుల షాపులో ఎవరో "గంధకం కొట్టు, రెండేళ్ళలో పీహెచ్ ఏడుకొస్తుంది" అన్నారట. దానికోసం పర్సనల్ లోన్ తీసుకుందామా అని ఆలోచిస్తూ నా దగ్గరికి వచ్చాడు. రాత్రుళ్ళు నిద్ర లేదన్నా, అన్నాడు. నాకు ఆ షాపు మీద కోపం వచ్చింది, ఈ పిల్లాడి మీద జాలేసింది. అతను తెచ్చిన మట్టి మీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేస్తే బుస్సున నురగ పొంగింది. తర్వాత కాగితం తీసి లెక్క వేశాం.

ఎకరా పొలంలో పై అరడుగు మట్టి దాదాపు 9 లక్షల కిలోలు. అందులో సున్నం 5 శాతం ఉందనుకోండి, 45 వేల కిలోలు. వంద కిలోల సున్నాన్ని కరిగించాలంటే 32 కిలోల గంధకం కావాలి. మొత్తం 14 టన్నుల పైచిలుకు. ఒక్క ఎకరానికి, అదీ పై అరడుగుకే! సున్నం అయిపోయే దాకా పీహెచ్ కదలదు. రెండు బస్తాల గంధకం, డ్రమ్ముల కొద్దీ పుల్ల మజ్జిగ, యూట్యూబ్ చెప్పే వెనిగర్, అన్నీ ఈ లెక్క ముందు దండగే. ఆ అబ్బాయి లోన్ తీసుకోలేదు.

"మా నాన్న వేరుశనగకు జిప్సం వేసేవాడు కదా" అంటారు. నిజమే, పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోలు వేస్తారు. అది కాయ ఊరడానికి కాల్షియం, గంధకం అందించే ఎరువు. నేలను బాగుచేసే మందు కాదు. ఇంకోటి, సున్నంతో పాటు సోడియం కూడా ఉన్న నేలలు కొన్ని ఉంటాయి. వాటి వైద్యం వేరు, అది పరీక్ష చూశాకే చెప్పాలి.

అపోహ: ఆకులు పసుపెక్కాయంటే యూరియా తక్కువైంది.

ముందు ఏ ఆకులో చూడండి. అడుగున ముదురు ఆకులు పసుపెక్కితే నత్రజని లోపం. పైన లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నపు నేలలో ఇనుము లేక కాదు, వేరుకు అందే రూపంలో ఉండదు. మీరు పైపైన చల్లిన యూరియాలో చాలా భాగం అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. యూరియా వేస్తే మట్టిలో కప్పాల్సిందే.

ఇనుముకు లీటరు నీళ్ళలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారానికోసారి, రెండు మూడు సార్లు. అన్నభేదిని నేలలో వేస్తే నాలుగు రోజుల్లో తుప్పుగా మారుతుంది. నేలకే ఇవ్వాలంటే ఈడీడీహెచ్‌ఏ రకం చీలేట్ (ఇనుమును తుప్పు పట్టకుండా పట్టి ఉంచే మందు) కావాలి, అది బాగా ఖరీదు. ఈడీటీఏ రకం ఈ పీహెచ్‌లో నిలవదు. డబ్బా మీద ఏముందో చదివి కొనండి.

మా మేనమామ ఈ పేర్లేవీ వినలేదు. ముసురు పట్టి చెనక్కాయ చేనంతా పసుపుగా పాలిపోతే మేము కంగారు పడేవాళ్ళం. "నేల ఆరనీండ్రా, దానంతటదే తిరుక్కుంటాది" అనేవాడు. చాలాసార్లు అలాగే తిరుక్కునేది. నీళ్ళు నిలిచిన సున్నపు నేలలో బైకార్బొనేట్ పెరిగి ఇనుము అందకుండా పోతుందని, ఆరగానే కాస్త సర్దుకుంటుందని నేను కాలేజీకి వెళ్ళాక తెలుసుకున్నాను. టెన్షన్‌తో మందులు కొట్టే ముందు నీళ్ళు నిలిచాయేమో చూడండి.

అపోహ: జేసీబీ పెట్టి సుద్ద పొర తవ్వేస్తే నేల బాగుపడుతుంది.

దయచేసి వద్దు. కింద ఉన్న సున్నాన్ని డబ్బిచ్చి పైకి తెచ్చుకోవడం అది. మొక్క నాటే గుంత వరకే పొరను పగలగొట్టండి, తెల్ల మట్టిని పక్కన పారేసి పైమట్టి, పశువుల ఎరువుతో నింపండి. ఉసిరి, రేగు, సీతాఫలం, దానిమ్మ ఈ నేలను తట్టుకుంటాయి. అవకాడో, బ్లూబెర్రీ పెడతానని మాత్రం రాకండి.

అపోహ: గొర్రెలు మేసే బీడు పనికిరాని నేల, దున్నేయాలి.

ఆ బీడు గరప నేలైతే అందులో ఇసుక, ఒండ్రు, బంకమన్ను కలగలిసి ఉంటాయి. దానికి కాల్షియం తోడైతే మట్టి పలుకులు పలుకులుగా నిలిచి నీటిని బాగా పట్టుకుంటుంది. ఆ నిర్మాణమంతా పై కొద్ది అంగుళాల్లో, గడ్డి వేళ్ళ మధ్య ఉంటుంది. దున్ని వదిలేస్తే తొలి వానకే పైన గట్టి చెక్కు కడుతుంది, నీళ్ళు ఇంకక జారిపోతాయి. అక్కడ అంజన్ గడ్డి వేసి, మేపును మార్చి మార్చి వదిలితే చాలు.

మిగతావి గబగబా. "నేలలో కాల్షియం ఉంది కదా, గొర్రెలకు ఖనిజ మిశ్రమం ఎందుకు?" ఆ మేతలో భాస్వరం, జింకు తక్కువ. జీవాలు ఎముకలు కొరుకుతుంటే భాస్వరం లోపమేమో చూడండి. "తెల్లగా ఉంటే ఉప్పే." ఉప్పు నీళ్ళలో కరుగుతుంది, సున్నపు గడ్డ కరగదు, ఆమ్లం పడితే నురగ వస్తుంది. "ఎన్ని డీఏపీ బస్తాలేసినా ఈ నేల మింగేస్తుంది." వెదజల్లితే మింగుతుంది, విత్తనం పక్కన సాలులో వేయండి.

పరీక్షకు ఇచ్చేటప్పుడు ఇది సున్నపు నేల అని చీటీ మీద రాయండి. భాస్వరం ఓల్సెన్ పద్ధతిలోనే చూడమనండి. ఆమ్ల నేలలకు వాడే బ్రే పద్ధతిలో చేస్తే ఆ ద్రావణంలోని ఆమ్లాన్ని సున్నమే తినేస్తుంది, ఉన్న భాస్వరం కూడా తక్కువ కనిపిస్తుంది. పీహెచ్, ఈసీతో పాటు ఉచిత సున్నం శాతం, మార్పిడి సోడియం అడగండి. రిపోర్టులో మట్టి పట్టుకోగలిగే పోషకాల మొత్తంలో కాల్షియం వాటా వంద శాతం దాటి కనిపిస్తే కంగారు పడకండి, పరీక్ష ద్రావణంలో సున్నం కరగడం వల్ల వచ్చే అంకె అది. పై అరడుగు మట్టి ఒక సంచిలో, రెండో అడుగుది ఇంకో సంచిలో వేయండి. బోరు నీళ్ళ సీసా కూడా తీసుకురండి, అందులో బైకార్బొనేట్ ఎంతుందో నాకు కావాలి.