వంటగది పెంచాలనుకుంటున్నారా? బడ్జెట్ వేసుకునే ముందు ఈ అపోహలు వదిలించుకోండి

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, రామమూర్తి నగర్ వైపు మన తెలుగువాళ్లు పదిహేను, ఇరవై ఏళ్ల కిందట కట్టుకున్న ఇళ్లల్లో ఇప్పుడు ఎక్కువగా వస్తున్న పని వంటగది పెంచడం. అప్పట్లో హాలు పెద్దగా ఉండాలని చూసుకుని వంటగదిని మిగిలిన మూలకి నెట్టేశారు. ఇప్పుడు ఊరి నుంచి అమ్మో అత్తగారో వచ్చి ఉంటే ఇద్దరు పక్కపక్కన నిలబడే చోటు ఉండదు, ఫ్రిజ్ హాల్లో ఉంటుంది, గ్రైండర్ మంచం కింద ఉంటుంది. నేను చేసేది ఇలాంటి పాత ఇళ్ల మార్పుల పనే. కొటేషన్ అడగడానికి వచ్చేసరికే చాలామంది కొన్ని మాటలు గట్టిగా నమ్మేసి, వాటి మీదే బడ్జెట్ వేసుకుని ఉంటారు. సగం పనిలో డబ్బు అయిపోయి, గోడలు లేచి గట్టు లేని వంటగదిలో నెలల తరబడి వండుకునే కుటుంబాలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: "చదరపు అడుగుకి ఎంతో చెప్పండి చాలు, మేం గుణించుకుంటాం"

అందరూ మొదట అడిగేది ఇదే, ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే. కొత్త ఇల్లు కట్టే రేటు పట్టుకొచ్చి చిన్న గదికి గుణిస్తే లెక్క కుదరదు. ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. వంటగదిని 6 అడుగులు బయటికి జరుపుతున్నాం, పొడవు 8 అడుగులు అనుకుందాం. నేల 48 చదరపు అడుగులు. కొత్తగా కట్టాల్సిన మూడు గోడల పొడవు 6, 8, 6 కలిపి 20 అడుగులు, ఎత్తు 10 అడుగులు, అంటే 200 చదరపు అడుగుల గోడ. అదే 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు హాలు కలుపుకుంటే నేల 300, మూడు వైపుల గోడ (15, 20, 15 కలిపి 50 అడుగుల పొడవు, అదే 10 అడుగుల ఎత్తు) 500. హాల్లో ఒక అడుగు నేలకి రెండడుగుల గోడ కూడా పడలేదు, వంటగదిలో నాలుగడుగులు దాటింది. ప్లాస్టరింగ్, పెయింటు, టైల్స్ అన్నీ ఆ గోడ వెంటే వస్తాయి. పైగా సింకు, కుళాయిలు, డ్రైనేజీ, 16 ఆంపుల పాయింట్లు, గ్రానైటు, చిమ్నీ గొట్టం అన్నీ ఆ 48 అడుగుల్లోనే ఇమడాలి. సెంట్రింగ్ సామాను తెచ్చే ఆటో బాడుగ, కాంక్రీటు మిక్సర్ అద్దె, స్లాబ్ వేసే రోజు కూలీలు కూడా గది చిన్నదని తగ్గిపోవు.

కాబట్టి చదరపు అడుగు రేటు పక్కన పెట్టి, పనుల వారీగా రాయించుకోండి. కూల్చడం, మట్టి, డెబ్రిస్ తీసుకెళ్లడం (ఇది చాలా కొటేషన్లలో కనపడదు, బెంగళూరులో ట్రాక్టరు లోడుకి చిన్న మొత్తమేమీ కాదు), పునాది, పిల్లర్లు, స్లాబ్, గోడలు, వాటర్‌ప్రూఫింగ్, ప్లంబింగ్, కరెంటు, టైల్స్, గ్రానైటు, కిటికీలు, చెక్కపని, పెయింటు. ఒక్కోదానికి కొలత, రేటు, మెటీరియల్ పేరు ఉండాలి. జీఎస్‌టీ కలిపారా లేదా అన్నది కూడా రాయించుకోండి. సిమెంటు మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, మీ చేతిలో ఉన్నది అంతకుముందు వేయించిన కొటేషన్ అయితే కొత్తది అడగండి.

అపోహ: "అపార్ట్‌మెంటే కదా, యుటిలిటీ గోడ కొట్టేసి కలిపేసుకుంటే అయిపోతుంది"

యుటిలిటీ అంటే వంటగదిని ఆనుకుని గిన్నెలు కడగడానికి, బట్టలు ఉతకడానికి ఉండే చిన్న చోటు. ఈ అపోహ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫ్లాట్లలో వచ్చే పనుల్లో ఎక్కువ భాగం ఇదే.

ముందు ఆ గోడ ఏ రకం అన్నది తేలాలి. పిల్లర్లు, బీములు ఉన్న బిల్డింగులో మధ్య గోడ ఇటుకదో బ్లాకులదో అయితే సాధారణంగా తీయొచ్చు, అప్పుడు కూడా స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగ్ చూసి సరే అన్నాకే. కానీ ఇప్పుడు వస్తున్న పెద్ద టవర్లలో చాలా వాటిని మైవాన్ పద్ధతిలో, అల్యూమినియం షట్టరింగ్ పెట్టి కడుతున్నారు. వాటిల్లో గోడలే భవనం బరువు మోస్తాయి, అవన్నీ కాంక్రీటు. వాటిని కొట్టే ప్రసక్తే లేదు. డ్రిల్ పెట్టి చూసిన కార్పెంటరు "ఏం కాదు సార్" అంటే నమ్మకండి.

రెండోది బరువు. యుటిలిటీ చాలా ఇళ్లల్లో బయటికి వేలాడే స్లాబ్ మీద ఉంటుంది. అక్కడ పిట్టగోడ తీసి పై స్లాబ్ దాకా 4 అంగుళాల సాలిడ్ బ్లాకు గోడ లేపితే, 3 మీటర్ల ఎత్తుకి, రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో కలిపి ఒక్కో మీటరు పొడవుకి దాదాపు 700 కిలోలు పడుతుంది. అదీ స్లాబ్ చివర అంచు మీద. డిజైన్ చేసినవాళ్లు అక్కడ పిట్టగోడ, గ్రిల్లు, బట్టల తీగ ఊహించారు, ఈ బరువు ఊహించి ఉండకపోవచ్చు. అల్యూమినియం ఫ్రేమ్, అద్దంతో మూస్తే బరువు బాగా తగ్గుతుంది, చాలాచోట్ల మేం అదే చెప్తాం.

మూడోది నీళ్లు. యుటిలిటీ నేల వంటగది కంటే కాస్త కిందికి ఉంటుంది, డ్రైన్ వైపు వాలు ఉంటుంది. లెవెల్ కలపాలని ఇసుక, సిమెంటు నింపేస్తే కింద పైపు ఎక్కడ కారినా మీకు తెలియదు, కింది ఫ్లాటువాళ్ల సీలింగు మీద మరక వచ్చాకే తెలుస్తుంది. టైల్స్ వేసే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేసి, డ్రైన్ మూసి, రెండు మూడు రోజులు నీళ్లు నిలబెట్టి చూడమనండి. ఆ రెండు మూడు రోజులు ఆగడానికి మేస్త్రి ఇష్టపడడు, మీరే పట్టుబట్టాలి.

నాలుగోది గాలి. యుటిలిటీ మూసేస్తే వంటగదికి ఉన్న ఒక్క కిటికీ పోతుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం వంటగదికి ఖాళీ స్థలంలోకి నేరుగా తెరుచుకునే, కనీసం ఒక చదరపు మీటరు కిటికీ ఉండాలి. పోపు పెడితే కళ్లు మండే ఇల్లు తయారు చేసుకోకండి. గ్యాస్ సిలిండరు అక్కడే ఉంటే మరీ జాగ్రత్త. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందికే దిగి నేల మీద పేరుకుంటుంది, కాబట్టి నేలకి దగ్గరగా గాలి బయటికి పోయే దారి ఉండి తీరాలి.

అపోహ: "సొంత స్థలం, పర్మిషన్ ఎందుకు? తర్వాత జరిమానా కట్టేస్తే రెగ్యులరైజ్ అవుతుంది"

ముప్పై నలభై అడుగుల సైటులో వంటగది పెంచడమంటే చాలావరకు సెట్‌బ్యాక్‌లోకి, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలోకి వెళ్లడమే. రూల్సు దాటిన కట్టడాలని అక్రమ సక్రమ అనే కర్ణాటక ప్రభుత్వ పథకం పేరుతో రెగ్యులరైజ్ చేస్తారన్న ఆశ మీద డబ్బు పెట్టకండి, ఆ పథకం మీద 2017లోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2025 సెప్టెంబరు నుంచి నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు కార్పొరేషన్లు వచ్చాయి, మీ వార్డు ఏ కార్పొరేషన్‌లోకి వెళ్లిందో చూసుకుని అక్కడి ఇంజనీరుని అడగండి. అపార్ట్‌మెంటులో అయితే అసోసియేషన్ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క ఇటుక కూడా కదపొద్దు. పక్కింటివాళ్ల ఒక్క ఫిర్యాదుతో పని ఆగితే, ఆగిన రోజులకి కూడా కూలీ ఖర్చు మీదే.

అపోహ: "మాడ్యులర్ కంపెనీకి ఇచ్చేస్తే అన్నీ వాళ్లే చూసుకుంటారు"

వాళ్ల కొటేషన్ చివరి పేజీ చదవండి. గ్రానైటు, సింకు, కుళాయి, హాబ్ (గట్టులో కోసి బిగించే స్టవ్), చిమ్నీ, టైల్స్, వైరింగ్, ప్లంబింగ్ మార్పులు చాలావాటిలో "కలిపి లేవు" అనే వరసలో ఉంటాయి. గ్రానైటు కోసం ఓ రోజు జిగణి వైపు వెళ్లి స్లాబులు కళ్లతో చూసి ఎంచుకుంటే రేటులోనూ నాణ్యతలోనూ తేడా తెలుస్తుంది. హాబ్ కొని మోడల్ చేతికి వచ్చాకే గ్రానైటు కోయించండి.

"వాటర్‌ప్రూఫ్ ప్లై" అన్న మాట దగ్గర ఆగకండి. సింకు కింద, గ్యాస్ కింద ఐఎస్ 710 (మెరైన్ ప్లై) ముద్ర ఉన్న షీటే వాడమనండి. పై అరలకి ఐఎస్ 303 (మామూలు ప్లై) చాలు, అక్కడ డబ్బు మిగుల్చుకోవచ్చు.

గట్టు ఎత్తు మాత్రం బ్రోచర్ చూసి నిర్ణయించకండి. రోజూ వండే మనిషిని గట్టు దగ్గర నిలబెట్టి, ఓ పలక మీద కూరగాయలు తరిగించి చూడండి. భుజాలు పైకి లేవకుండా, నడుము వంగకుండా ఉన్న ఎత్తే ఆమెకి సరైన ఎత్తు. చాలా ఇళ్లల్లో అది 32 నుంచి 34 అంగుళాల మధ్య వస్తుంది. స్టవ్ గట్టు పైన పెట్టేవాళ్లు ఆ స్టవ్ ఎత్తు కూడా కలుపుకుని, స్టవ్ దగ్గర గట్టు కాస్త దించుకుంటే పెద్ద గిన్నెలో అన్నం వార్చేటప్పుడు చెయ్యి నొప్పెట్టదు.

అపోహ: "కరెంటు పాతదే సరిపోతుంది, నాలుగు పాయింట్లు లాగితే చాలు"

2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఒక్కటే దాదాపు 9 ఆంపులు లాగుతుంది. దాంతో పాటు ఒవెన్, గీజర్, డిష్‌వాషర్ ఒకే పాత లైను మీద పెడితే వైరు వేడెక్కుతుంది. పెద్ద పాయింట్లకి బోర్డు నుంచి విడివిడిగా లైన్లు, 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. మీ బెస్కాం కరెంటు బిల్లులో మంజూరైన లోడ్ ఎంతో రాసి ఉంటుంది, చాలకపోతే పెంచుకోవడానికి అయ్యే ఖర్చు ఇప్పుడే బడ్జెట్‌లో వేసుకోండి.

అపోహ: "వాస్తు ప్రకారం చేయాలంటే ఖర్చు రెట్టింపు"

పొయ్యి ఆగ్నేయంలో, వండేవాళ్లు తూర్పు ముఖంగా ఉండాలన్నది మీ ఇంటి పట్టింపు అయితే డ్రాయింగ్ గీసే రోజే చెప్పండి, కాగితం మీద మార్చడానికి పైసా ఖర్చు లేదు. గోడలో పైపులు దిగాక చెప్తేనే ఖర్చు.

అపోహ: "నెల రోజుల్లో అయిపోతుంది"

ఇళ్లకి ఎక్కువగా వాడే పీపీసీ (ఫ్లై యాష్ కలిపిన) సిమెంటుకి కనీసం 10 రోజుల క్యూరింగ్, అంటే నీళ్లతో తడిపి ఉంచడం కావాలని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెప్తోంది. మేం చిన్న స్లాబుకి కూడా 14 రోజులు సపోర్టులు తీయం. ఆ నీళ్లు ఎక్కడివో కూడా చూసుకోవాలి. 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు బెంగళూరు నీటి బోర్డు జలమండలి కట్టడాలకి తాగునీళ్లు వాడొద్దని ఆపి, వాడితే 5000 రూపాయల జరిమానా పెట్టింది. ఎండాకాలం పని అయితే ట్యాంకర్ల ఖర్చు రాసుకోండి. సెప్టెంబరు, అక్టోబరు ఇక్కడ గట్టి వానలు, అప్పుడు స్లాబ్ పని పెట్టుకోకపోవడమే మంచిది. సంక్రాంతికి వెళ్లిన మేస్త్రీలు తిరిగొచ్చాక మొదలుపెడితే, వానలకి ముందే చేతినిండా సమయం దొరుకుతుంది. పని జరిగినన్నాళ్లు హాల్లో ఇండక్షన్ స్టవ్, బయటి తిండి, పిల్లల క్యారేజీ ఖర్చు అందరూ మర్చిపోయే లెక్క, రెండు నెలలకి వేసుకోండి.

అపోహ: "అడ్వాన్స్ ఎక్కువిస్తే పని త్వరగా అవుతుంది"

డబ్బు పనికి ముందు వెళ్తే మీ పని మీద శ్రద్ధ తగ్గుతుంది, ఈ రంగంలో ఉన్నవాడిగా ఇది మొహమాటం లేకుండా చెప్తున్నా. మొదలుపెట్టడానికి కొంత, ఆ తర్వాత స్లాబ్ అయ్యాక, గోడల్లో పైపులు, వైర్లు దిగి ఫోటోలు తీసుకున్నాక, టైల్స్ అయ్యాక, ఇలా దశల వారీగా ఇవ్వండి. ఆ ఫోటోలు తర్వాత గోడకి మేకు కొట్టాలన్నా పనికొస్తాయి. మొత్తం అంచనాలో పదిహేను శాతం ఎవరికీ చెప్పకుండా విడిగా ఉంచుకోండి, పాత ఇల్లయితే ఇరవై. చివరి పది శాతం మాత్రం సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, కింద క్యాబినెట్‌లో చెయ్యి పెట్టి తడి లేదని చూసుకున్నాకే ఇవ్వండి.