మాత్రలు ఎందుకు ఆపకూడదు: పేగులో దాక్కున్న హెచ్‌ఐవీ

రక్తంలో హెచ్‌ఐవీ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ ‘కనిపించలేదు’ అని వచ్చిన రోజున, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో చాలామంది అడిగే మాట ఒకటే: ‘మరి మాత్రలు ఆపేయొచ్చా సార్?’ ఆపకూడదు. కారణం తెలియాలంటే రక్తాన్ని వదిలి పేగులోకి చూడాలి.

హెచ్‌ఐవీ తెచ్చే ఈ జబ్బుకు యుగాండాలోని రకాయ్ జనం 1980ల్లోనే ‘స్లిమ్’ (బక్కచిక్కడం) అని పేరు పెట్టారు. ఆగని విరేచనాలు, చిక్కి శల్యమైన మనుషులు. పేగులో ఏదో జరుగుతోందని వాళ్ల కళ్లకు అప్పుడే కనబడింది. వైద్యం మాత్రం రక్తంలో సీడీ4 కణాలను (హెచ్‌ఐవీ దాడిచేసే రోగనిరోధక కణాలను) లెక్కపెడుతూ ఉండిపోయింది. సూదికి అందేది రక్తమే కాబట్టి తప్పుపట్టలేం. కానీ ఒంట్లోని లింఫోసైట్లలో (సీడీ4 కణాలు చేరే తెల్ల రక్తకణాల జాతిలో) రక్తంలో తిరిగేవి సుమారు 2 శాతమే. పెద్ద సైన్యం పేగు లోపలి శ్లేష్మ పొరలో కాపలా ఉంటుంది.

1998లో పరిశోధకుడు రొనాల్డ్ వీజీ బృందం కోతులకు ఎస్‌ఐవీ (హెచ్‌ఐవీ లాంటి కోతుల వైరస్) ఎక్కించి చూసింది. మూడు వారాల్లోనే పేగులోని సీడీ4 కణాలు తుడిచిపెట్టుకుపోయాయి. రక్తంలో అప్పటికి అంత తేడా లేదు.

2004 ఏప్రిల్‌లో మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. అదే ఏడాది అమెరికాలో రెండు బృందాలు మనుషుల పేగులోనూ ఇదే నష్టాన్ని చూపించాయి. ఎండోస్కోపీ గొట్టంతో చిన్నపేగు చివర చూస్తే, ఆరోగ్యవంతుల్లో లింఫ్ కణాలు గుంపుకట్టిన బుడిపెలు కనిపిస్తాయి. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఆ చోటు నున్నగా, బోసిగా ఉంది. ఆ బొమ్మ చూశాక ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది.

పేగే ఎందుకు? వైరస్ కణంలోకి దూరడానికి కణం మీదుండే సీడీ4 అనే తలుపుతో పాటు సీసీఆర్5 అనే రెండో తలుపు కావాలి. ఈ సంగతి 1996లో తేలింది. పేగులోని సీడీ4 కణాల్లో ఎక్కువ భాగానికి ఆ తలుపు ఉంటుంది. వాటిలో పేగు గోడను కాచే టీహెచ్17 అనే రకం కణాలు ముందే కూలిపోతాయి. అప్పుడు బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి కారి, ఒంట్లో ఆరని వాపు రాజుకుంటుంది. ఆ లీకును 2006లో పరిశోధకులు బ్రెంచ్లీ, డూక్ బృందం కొలిచి చూపింది. మందులతో రక్తంలో సీడీ4 పెరిగినా, చాలామందిలో పేగు పూర్తిగా కోలుకోదు.

ఇక దాక్కునే సంగతి. వైరస్ తన జన్యువులను కణం డీఎన్‌ఏలోనే కుట్టేస్తుంది. కణం నిద్రపోతే అదీ నిద్రపోతుంది. మాత్రలు దాన్ని తాకలేవు. ఏళ్ల తరబడి మందులు సక్రమంగా వాడినవారిలోనూ రక్తం కంటే పేగులోనే వైరస్ మోసే కణాలు ఎక్కువని 2008లో తేలింది. గర్భాశయ ముఖద్వారంలో స్థిరపడిన రోగనిరోధక కణాల్లోనూ వైరస్ నిల్వ ఉందని 2019లో బార్సిలోనా పరిశోధకులు చూపారు. ఆ కణాలు సాధారణంగా తామున్న పొర విడిచి రక్తంలోకి రావు. మాత్రలు ఆపితే ఇలాంటి నిల్వల నుంచే వైరస్ మళ్లీ లేస్తుంది. చాలామందిలో అందుకు కొన్ని వారాలు చాలు.